బేగంపేటలో ఒక పాత ఆసుపత్రి

ఇల్లు మారేడుపల్లిలో, ఆఫీసు అమీరుపేటలో. పందొమ్మిదేళ్ళపాటు ఈ రెంటికీ మధ్య బస్సులో తిరిగాను. బేగంపేట మీదుగా రానూ పోనూ ఎన్ని వేలసార్లు వెళ్ళి ఉంటానో లెక్క మీరే కట్టుకోండి. ఆ దారిలో బస్సు ఎక్కడ కుదుపుతుందో, ఎక్కడ కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. 1906లో కట్టిన స్పానిష్ మసీదును, అక్కడి పైగా నవాబుల భవనాలను తీరిక చేసుకుని చూసి వచ్చాను కూడా. కాని ఆ రోడ్డుకు ఎంతో దూరం లేని ఒక పాత ఆసుపత్రి సంగతి మాత్రం 1997 దాకా నాకు తెలియదు. తెలిసిన తరువాతనైనా వెంటనే వెళ్ళానా అంటే, అదీ లేదు. మరి పాతికేళ్ళు దాటిపోయాయి. చివరికి నన్ను కదిలించింది మా మనుమరాలు.

బుజ్జి ఏడవ తరగతి చదువుతోంది. ఆగస్టు నెలలో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూనే, "తాతయ్యా, దోమలకు కూడా పండగ రోజు ఉందిట, తెలుసా?" అన్నది.

"దోమలకు రోజూ పండగే" అన్నది మా ఆవిడ వంటింట్లోంచి.

"అది కాదు నాయనమ్మా. ఆగస్టు 20. ప్రపంచ దోమల దినం. ఎందుకో కనుక్కుని రాసుకు రమ్మన్నారు."

ఎందుకో నాకు తెలుసు. తెలిసి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ దినం పుట్టింది మన ఊళ్ళోనే, మనింటికి నాలుగైదు మైళ్ళలోనే అన్నాను. ఇంకేముంది, చూపించమని పట్టుపట్టింది. ఆదివారం నాడు ఇద్దరం బయలుదేరాం. ఆదివారం ఆఫీసులు మూసి ఉంటాయన్న సంగతి, జీవితమంతా ఆఫీసులో గడిపిన నాకు తట్టకపోవడం విచిత్రమే.

పెరేడ్ గ్రౌండు స్టేషనులో మెట్రో ఎక్కితే బేగంపేట ఎంతోసేపు పట్టదు. దిగి ఆటో పిలిచాను.

"ఏడికి పోవాలె సార్?"

"రొనాల్డ్ రాస్ భవనం. పాత ఎయిర్‌పోర్టు వైపు."

"రాసు డాక్టరా సార్?"

"డాక్టరే."

"ఏ ఫ్లోర్‌ల కూసుంటడు?"

నవ్వుకున్నాను గాని, అతని తప్పేమీ లేదు. ఇవాళ బేగంపేటలో డాక్టర్ల బోర్డులకు కొదవ లేదు. మేడ మీద మేడ, ప్రతి మేడలోనూ ఒక పరీక్షల గది, ఒక ఎక్స్‌రే గది. ఒక డాక్టరు ఒక పల్లెటూరి సిపాయి వేలుమీద సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసుకున్న గది ఒకటి ఇక్కడే ఉండేదని ఎవరనుకుంటారు? ఇప్పుడు జ్వరం రాగానే మనం చేయించుకునే రక్తపరీక్షకు అది పెద్దముత్తవ్వ వంటిది.

అసలు బేగంపేట అప్పుడు ఊరే కాదు, ఊరి శివారు. 1798లో నిజాం ఆలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. దాని ప్రకారం కంపెనీ సైన్యం ఒకటి నిజాం ఖర్చుమీద ఇక్కడ ఉండాలి. హుసేన్‌సాగరానికి ఉత్తరాన ఆ సైన్యం గుడారాలు వేసింది. 1806లో ఆ చోటుకు మూడవ నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదు అని పేరు పెట్టారు. గుడారాలు బారకాసులయ్యాయి, బారకాసుల వెంట బజార్లు వచ్చాయి, బజార్ల వెంట జనం వచ్చారు. జనం వెంట రోగాలూ వచ్చాయి. అందుకని ఒక్కొక్క పటాలానికి ఒక్కొక్క చిన్న ఆసుపత్రి. పెద్ద హంగులేమీ ఉండేవి కావు. ఒక దొర డాక్టరు, ఆయన కింద మనవాడు ఒక హాస్పిటల్ అసిస్టెంటు, కొందరు నౌకర్లు, మంచాల మీద సిపాయిలు. మనం చూడబోయేది అలాంటి ఆసుపత్రి.

1895లో ఇక్కడి 19వ మద్రాసు పటాలానికి డాక్టరుగా వచ్చినవాడు రొనాల్డ్ రాస్. ఆయన మన దేశంలో పుట్టినవాడే. 1857 మే నెలలో, హిమాలయాల దిగువన అల్మోరాలో. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. ఈయనకేమో కవిత్వం రాయాలని, నవలలు రాయాలని కోరిక. తండ్రి వైద్యం చదవమన్నాడు. మనిళ్ళల్లో జరిగేదే అక్కడా జరిగింది. ఆయన వైద్యమూ చదివాడు, నవలలూ రాశాడు, పైగా లెక్కల పిచ్చి ఒకటి. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు, బెంగుళూరు, బర్మా అంటూ తిరిగాడు. సెలవుమీద లండను వెళ్ళినప్పుడు 1894లో పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆయన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో ఒక రక్తపు చుక్క చూపించాడు. అందులో నెలవంక ఆకారంలో చిన్న చిన్న జీవులున్నాయి. చలిజ్వరపు రోగి రక్తం అది. ఆ జీవిని 1880లోనే ఆల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. అయితే అది ఒక మనిషి లోంచి ఇంకొక మనిషిలోకి ఎలా వెళుతుందో ఎవరికీ తెలియదు. మలేరియా అన్న మాటకే ఇటాలియను భాషలో చెడ్డగాలి అని అర్థం. దోమ చేత కావచ్చునని మాన్సన్ అనుమానం. అయితే ఆయన ఊహ ఎలా ఉండేదంటే, రోగిని కుట్టిన దోమ నీళ్ళమీద గుడ్లు పెట్టి, ఆ నీళ్ళలోనే పడి చస్తుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జ్వరం వస్తుంది.

ఈ నీళ్ళ సంగతి దగ్గర నేను కాస్త ఆగాలి. దాని వెనక మా ఇంటి కథ ఒకటి ఉన్నది.

మా నాన్నగారు అటవీశాఖలో గుమాస్తా. నేను పుట్టకముందు, 1944 ప్రాంతంలో, ఆయనకు రంపచోడవరం బదిలీ అయింది. మన్యమంటే ఆ రోజుల్లో ఉద్యోగస్థుల ఇళ్ళల్లో ఏడ్పులే. అక్కడి నీళ్ళు పడవని, తాగితే మన్యపు జ్వరం తప్పదని రాజమండ్రిలో అందరూ మా అమ్మకు చెప్పి పంపించారు. ఆవిడ కుండలు కుండలు నీళ్ళు కాచి, గుడ్డతో వడబోసి, అవే తాగించేది. నా కంటే ముందు పుట్టిన మా అన్నయ్యకు అప్పుడు నాలుగేళ్ళు. మా ఇంట్లో వాణ్ణి పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. "పెద్దాడు" అనేవారు.

ఒకసారి పండగకు రాజమండ్రి వెళ్ళి బండిలో తిరిగి వస్తున్నారు. దారిలో కాచిన నీళ్ళు అయిపోయాయి. పిల్లవాడు దాహం దాహమని గోల. ఒక వాగు దగ్గర బండి ఆగింది. మా అమ్మ రెండు దోసిళ్ళు నీళ్ళు పట్టించింది. పొద్దుపోయిందని ఆ రాత్రి వాగొడ్డునే బండి విప్పి పడుకున్నారు. ఇల్లు చేరిన పన్నెండు రోజులకు పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. రోజు మార్చి రోజు వణుకు. కడుపులో బల్ల పెరిగింది. క్వినైను కోసం నాన్నగారు తిరగని చోటు లేదు. యుద్ధం రోజులు. ప్రపంచంలోని క్వినైనులో పెద్దభాగం జావా దీవి తోటలనుంచి వచ్చేది. ఆ దీవిని 1942లో జపాను వాళ్ళు పట్టుకున్నారు. రంపచోడవరంలో ఒక గుమాస్తా కొడుకుకు మందు దొరకకపోవడానికి అంత దూరాన ఉన్న దీవి కారణమని అప్పుడు మావాళ్ళకేం తెలుసు? పెద్దాడు నెలన్నర కూడా బతకలేదు.

"నా చేత్తో నేనే పోశాను" అనేది మా అమ్మ. ఎప్పుడో గాని అనేది కాదు. కాని జీవితమంతా ఇంట్లో నీళ్ళు కాచడం మానలేదు. మేము నవ్వేవాళ్ళం.

మళ్ళీ సికింద్రాబాదుకు వద్దాం. 1895లో ఇక్కడికి రాగానే రాస్ మాన్సన్ చెప్పిన నీళ్ళ సంగతి తేల్చాలనుకున్నాడు. ఆయన పుస్తకాలలో లచ్మన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడి పేరు కనిపిస్తుంది. ఆయన దగ్గర నౌకరు. రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీళ్ళను లచ్మన్ చేత, అతని ఒప్పుదలతోనే, తాగించాడు. కొద్దిరోజులకు లచ్మన్‌కు జ్వరం వచ్చింది. డాక్టరు పొంగిపోయాడు. కాని ఆ జ్వరం తొందరగానే తగ్గిపోయింది. మరికొందరి చేత కూడా తాగించి చూశాడు గాని సంగతి తేలలేదు. నీళ్ళ దారి మూసుకుపోయింది.

నౌకరు చేత దోమనీళ్ళు తాగించడం ఈనాడైతే ఏ డాక్టరైనా చేయగలడా? చేస్తే జైలుకు పోతాడు. లచ్మన్ ఏ ఊరివాడో, అతని తల్లి ఎవరో, ఆ జ్వరం వచ్చిన రాత్రి ఎవరు పక్కన కూర్చున్నారో పుస్తకంలో లేదు. లచ్చన్న అని పిలిచేవారేమో ఇంట్లో. నాకెందుకో అలా అనిపిస్తుంది.

తరువాత రెండేళ్ళు రాస్ పట్టుకున్నవన్నీ తప్పుడు దోమలే. బూడిదరంగువి, చారలవి. వాటికి మలేరియా రోగుల రక్తం తాగించి, ఒక్కొక్కదాన్నీ కోసి, పొట్టలో వెదికేవాడు. ఏమీ కనిపించేది కాదు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపించారు. ఊటీ దిగువన మలేరియా జాగాలు చూడబోయి ఆయనే మలేరియాతో పడ్డాడు. 1897 జూనులో మళ్ళీ సికింద్రాబాదు చేరాడు.

ఆ ఏడు వానలు సరిగా లేక ఉక్కపోత చెప్పనలవి కాదు. ఆసుపత్రిలో ఆయన పని చేసే గది చిన్నది, చీకటిది. పంకా లాగించుకుందామంటే వీలులేదు; కోసిపెట్టిన దోమ గాలికి ఎగిరిపోతుంది. కళ్ళచుట్టూ చిన్న చిన్న ఈగలు ముసిరేవి. నుదుటి చెమట, చేతుల చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక్క కంటి అద్దం పగిలి ఉంది. పగిలిన ఆ అద్దంలోంచే చూసేవాడు.

ఆగస్టు నడుమ ఆయన మనుషుల్లో ఒకడు, దోమపురుగులు ఏరి తెచ్చేవాడు, ఒక సీసాలో కొత్తరకం పురుగులు తెచ్చాడు. అవి రెక్కలొచ్చి పైకి వచ్చేసరికి గోధుమరంగు దోమలు, రెక్కలమీద మచ్చలు. ఆగస్టు 16 పొద్దున్న ఫలహారం చేసి డాక్టరు ఆసుపత్రికి వస్తే, హాస్పిటల్ అసిస్టెంటు గోడమీద వాలిన ఒక చిన్న దోమను చూపించాడు. తక్కిన దోమలు గోడకు సమంగా వాలితే, ఇది తోక పైకెత్తి, తలకిందులుగా నిలబడ్డట్టు వాలి ఉంది. ఇలా వాలేది అనాఫిలిస్ జాతి. మలేరియాను మోసేది ఆ జాతే. ఈ సంగతి ఈనాడు మన బుజ్జి పుస్తకంలో బొమ్మ వేసి ఉన్నది. ఆనాడు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అసిస్టెంటు కంటికి మాత్రం ఈ దోమ కూర్చున్న తీరు వేరుగా ఉందని తట్టింది.

ఆ అసిస్టెంటు పేరేమిటి? రాస్ 1923లో తన జ్ఞాపకాల పుస్తకం వేసినప్పుడు ఈ సంగతి నిజాయితీగా రాశాడు. రాసి, అతని పేరు మరిచిపోయినందుకు విచారిస్తున్నాను అన్న అర్థం వచ్చే మాట ఒకటి బ్రాకెట్లలో పెట్టాడు. నాకు ఆ పుస్తకం దొరికినప్పుడు ఆ బ్రాకెట్ల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అని ఒక రోగి ఉన్నాడు. అతని రక్తంలో నెలవంకలున్నాయి. మచ్చల రెక్కల దోమలచేత అతన్ని కుట్టించారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా ఇచ్చారు.

"అణా అంటే ఎంత తాతయ్యా?"

"రూపాయిలో పదహారో వంతు."

"ఆరు పైసలా! దానికి దోమలచేత కుట్టించుకున్నాడా?"

ఆ రోజుల్లో అణాకు విలువ ఉండేదని చెప్పాను. అయినా ఆ పిల్ల మొహంలో కనిపించిన మాటకు నా దగ్గర జవాబు లేదు. జ్వరంతో పడుకున్న సిపాయి ఆసుపత్రి డాక్టరుకు కాదని చెప్పగలడా అన్నది కూడా నాకు తెలియదు.

ఆ దోమలను రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చాడు డాక్టరు. ఆగస్టు 20. మబ్బు పట్టి ఉక్కగా ఉంది. పొద్దున్నే ఏడు గంటలకు ఆసుపత్రికి వచ్చి, రోగులను చూసి, దోమల పనిలో పడ్డాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు కళ్ళు అలసిపోయాయి. హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమల్లో ఏడవదాన్ని తీశాడు. ఆయన లెక్కలో అది 38వ నంబరు దోమ. దాని తరువాత ఇంకొక్కటే మిగిలింది. పొట్టగోడను మూల నుంచి మూలకు వెతుకుతున్నాడు. ఒకచోట గుండ్రటి గీత ఒకటి కనిపించింది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో పన్నెండు భాగాలంత. దోమ పొట్టలో ఉండవలసిన కణం కాదు. లోపల నల్లటి గింజలు. ఆ నల్లటి గింజలు ఆయనకు బాగా తెలిసినవే. మలేరియా రోగి రక్తంలో ఉండేవీ అవే. పక్కనే ఇంకొకటి, ఇంకొకటి.

ఇంటికి వెళ్ళి టీ తాగి కాసేపు కునుకు తీశాడు. మర్నాడు మిగిలిన ఆ ఒక్కదాన్నీ కోశాడు, 39వ నంబరు దోమ. అదే గుండ్రటివి, నిన్నటికంటే పెద్దవై ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి. మనిషి రక్తంలోని జీవి దోమ పొట్టలో చేరి బతుకుతోంది! పద్యాలు రాసే అలవాటు కదా, ఆ సంతోషంలో పద్యాలు కూడా రాశాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు గాని, బేగంపేటకు సంబంధించినంత వరకు ఇంతే. పై అధికారులు ఆ నెల దాటగానే ఆయన్ను ఎక్కడో రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ జీవి దోమ పొట్టలోంచి దాని లాలాజలపు గ్రంథులలోకి చేరుతుందని, అక్కడినుంచి కాటుతో రెండో ప్రాణిలోకి వెళుతుందని రుజువు చేశాడు. మనిషి మలేరియాకు అనాఫిలిసే మోతగత్తె అని అదే ఏడు ఇటలీలో గ్రాసీ మొదలైనవారు పూర్తిగా తేల్చారు. గౌరవం ఎవరిదన్న విషయమై రాస్‌కు, గ్రాసీకి జరిగిన పోట్లాట చదివితే మన పెళ్ళిళ్ళలో వియ్యంకుల తగాదాలు గుర్తుకొస్తాయి. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. కలకత్తాలో ఆయన పేర స్మారకద్వారం కట్టి, 1927లో ఆయన చేతనే ప్రారంభం చేయించారు. 1932లో పోయాడు.

బేగంపేట ఆసుపత్రి భవనం ఈనాడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉన్నది. సర్ రొనాల్డ్ రాస్ పరాన్నజీవి శాస్త్ర సంస్థ అని దాని పేరు. ఈ లోగా చుట్టూ ఉన్న శివారు ఎప్పుడో ఊరయిపోయింది. పక్కనే విమానాశ్రయం వచ్చింది; 2008 మార్చిలో ప్రయాణీకుల విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయి అదీ పాతదయింది. రోడ్డుమీద వంతెనలు, వంతెనలమీద మెట్రో. ఇన్ని మార్పులలో ఆ చిన్న భవనం మిగిలి ఉండడం చిన్న సంగతి కాదు.

దాని ఫలితం మా ఇంటి గోడమీద కూడా పడింది. స్వతంత్రం వచ్చిన కొత్తలో మన దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది పోయేవారని అంచనా. 1953లో ప్రభుత్వం మలేరియా అదుపు పథకం మొదలుపెట్టింది. 1958లో దాన్ని నిర్మూలన పథకంగా మార్చింది. మా చిన్నప్పుడు ఖాకీ నిక్కర్లవాళ్ళు భుజాన పంపులు వేసుకుని వచ్చి ఇల్లిల్లూ డి.డి.టి. కొట్టి, తలుపు పక్క గోడమీద తేదీ అచ్చు వేసి పోయేవారు. సున్నం వేసిన గోడ పాడయిందని మా వీధిలో ఆడవాళ్ళు తిట్టేవారు. మా అమ్మ మాత్రం తిట్టేది కాదు. వాళ్ళు వచ్చిన రోజున సామానంతా తనే వాకిట్లోకి మోసి, వెనక గది కూడా కొట్టమని బతిమాలేది. నీళ్ళవల్ల అని నమ్మిన మనిషికి ఈ మందు మీద అంత గురి ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అనుకుంటాను, ఏది చెప్పినా చేసేసేది కాబోలు. 1965కు దేశంలో మలేరియా లక్ష కేసులకు దిగింది. అందరూ గెలిచామనుకున్నారు. 1976కు మళ్ళీ 64 లక్షలు.

ఇక 1997 సంగతి. ఆ ఆగస్టుకు ఆ 38వ దోమకు నూరేళ్ళు నిండాయి. దేశవిదేశాల శాస్త్రజ్ఞులు హైదరాబాదు వచ్చారు. పత్రికలలో వ్యాసాలు పడ్డాయి. అమ్మ అప్పుడు నా దగ్గరే ఉండేది, డెబ్బై మూడేళ్ళు. కంటిచూపు తగ్గి, పొద్దున్నపూట పత్రిక నా చేత చదివించుకునేది. ఆ రోజు ఈ కథ చదివాను. ఆపై ఒక పుస్తకం తెచ్చి నీళ్ళ సంగతి, లచ్మన్ సంగతి కూడా చెప్పాను.

"ఆ నీళ్ళు తాగిన పిల్లాడు బతికాడా?" అన్నది.

"బతికాడమ్మా. నీళ్ళవల్ల రాదు ఆ జ్వరం. దోమ కుడితేనే."

ఆవిడ ఏమీ అనలేదు. మంచి పని చేశాననుకుని నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఏభై ఏళ్ళ బరువు ఒక్క పొద్దుటి పత్రికతో దించేశాననే నా ఉద్దేశం. సాయంత్రం వచ్చేసరికి వరండాలో అలాగే కూర్చుని ఉంది.

"అయితే నీళ్ళు కాదన్నమాట" అన్నది.

"కాదమ్మా."

"ఆ రాత్రి వాగొడ్డున వాడికి నా కొంగు కప్పాను. ఉక్కపోస్తోందని తోసేసేవాడు. మళ్ళీ కప్పాను. తరువాత నాకు నిద్ర పట్టేసింది."

నేను చెప్పకుండా ఉంటే బాగుండునా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మర్నాడు ఆవిడే, "ఆ ఆసుపత్రి మనకు దగ్గరేనా? ఒకసారి తీసుకు వెళ్ళు" అన్నది. సరేనన్నాను. వానలు తగ్గాక అన్నాను. తరువాత ఆవిడకు మోకాళ్ళ నెప్పులు. తరువాత నాకు ఆడిటు. ఈ లోగా ప్రతిరోజూ రెండుసార్లు ఆ ఆసుపత్రి పక్కనుంచే బస్సులో పోతూ ఉన్నాను. 1999 జనవరిలో అమ్మ పోయింది.

ఇదంతా బుజ్జికి చెప్పలేదు. దోమ సంగతి, డాక్టరు సంగతి, హుసేన్ ఖాన్ సంగతి చెప్పాను. గేటు మూసి ఉంది. ఆదివారం గదా, ఎవరిని అనగలం? గేటు దగ్గరే నిలబడ్డాం. ఉక్కగానే ఉంది, మబ్బు పట్టింది. పగిలిన అద్దం గురించి మళ్ళీ ఒకసారి చెప్పమన్నది. చెప్పాను. ఫోనుతో ఒక ఫొటో తీసింది.

"ఆ దోమను చూపించిన ఆయన పేరు ఎవరికీ తెలియదా తాతయ్యా?"

"తెలియదు."

"మరి నేనేం రాయను?"

"హాస్పిటల్ అసిస్టెంటు అని రాయి. ఆయన చూపించాడని రాయి."

కాసేపు ఆలోచించి, "తాతమ్మ కూడా ఇక్కడికి వచ్చిందా?" అన్నది. నేను అమ్మ మాట ఎత్తనేలేదు. ఈ పిల్లకు ఎక్కడ తట్టిందో.

"రావాలనుకుంది" అన్నాను.

చినుకులు మొదలయ్యాయి. ఆటో అబ్బాయి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను గాని, రోడ్డు పక్కనే చెట్టుకింద ఆగి ఉన్నాడు. మమ్మల్ని చూసి బండి తిప్పాడు.

"దొరికిందా సార్ మీ దవాఖాన?"

దొరికిందన్నాను. బుజ్జిని లోపలికి జరగమని, చినుకులు పడకుండా పక్క పరదా దించి కట్టాను.